చంద్రగిరి రాజమహల్ పైనుంచి కోటంతా చూసి రావడం ఎలా: ఒక తిరుపతివాడి సమగ్ర మార్గదర్శి

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్ళను చంద్రగిరి కోట చూశారా అని అడిగితే అందరూ చూశామనే అంటారు. ఎప్పుడంటే ఏడో తరగతిలో, స్కూలువాళ్ళు బస్సులో తీసుకెళ్ళినప్పుడు. ఏం గుర్తుందంటే పులిహోర పొట్లం, పచ్చిక, కోతులు. మేడ ఎక్కి కిటికీలోంచి బయటికి చూశారా అంటే మాత్రం బుర్ర గోక్కుంటారు. నేనూ ఆ బాపతే. ఆ తర్వాత ఇంటికి చుట్టాలు రావడం, వాళ్ళ దర్శనం టోకెన్ మరుసటి రోజుకు పడటం, మధ్యలో ఒక పూట ఖాళీగా మిగిలిపోవడం, వాళ్ళను ఎక్కడికి తీసుకెళ్ళాలో తోచక చంద్రగిరికి బయల్దేరడం, ఇలా పది పన్నెండు సార్లు అయ్యాయి. ఆ పది పన్నెండు సార్లూ చేసిన తప్పుల్లోంచి తేలింది ఇదంతా.

అసలు తిరుపతి ఊళ్ళోనే ఎత్తైనవి లేవా అంటే ఉన్నాయి. గోవిందరాజస్వామి గుడి రాజగోపురం ఉంది, మట్ల అనంతరాజు కట్టించింది, ఏడంతస్తులది, ఊళ్ళో ఎటు నుంచి వచ్చినా కళ్ళకు తగులుతుంది. కానీ గుడి గోపురం దండం పెట్టుకోవడానికే, ఎక్కడానికి కాదు. దాన్ని చూడాలంటే చుట్టుపక్కల ఏదైనా లాడ్జిలో దిగి వాళ్ళ మిద్దె మీదికి పోవాలి. తిరుమలలో శ్రీవారి పాదాల దగ్గర నిలబడి చూస్తే తిరుమల ఊరంతా కింద కనిపిస్తుంది, అదొక అందం, కానీ అది కొండ. పాతకాలపు కట్టడం లోపలికి వెళ్ళి, మెట్లెక్కి, రాజులు నిలబడిన చోట నిలబడి బయటికి చూడాలంటే మాకు దగ్గర్లో ఉన్నది చంద్రగిరే.

ముందు వారం చూసుకోండి, తర్వాతే వేళ

శుక్రవారం వెళ్ళొద్దు. ఇది మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. కోటలోని పాత రాజభవనం రాజమహల్లో ఇప్పుడున్నది పురావస్తు శాఖవాళ్ళ మ్యూజియం, దానికి వారం సెలవు శుక్రవారం. గుంటూరు నుంచి వచ్చిన మా బావను, అక్కను, వాళ్ళ ఇద్దరు పిల్లలను ఎండలో తీసుకెళ్ళి గేటు ముందు నిలబెట్టిన రోజు నాకు ఇప్పటికీ గుర్తే. కాపలా పెద్దాయన బీడీ ఆర్పేసి, "శుక్రారం గదా సామీ, తెలీదా?" అన్నాడు. ఊరివాడివి నీకే తెలియకపోతే ఎట్లా అన్నట్టు మా బావ నావైపు చూసిన చూపు ఉంది చూశారూ, ఆ చూపు ఇంకో రెండేళ్ళు నడిచింది. తిరుపతికి వచ్చేవాళ్ళు ఎక్కువగా శుక్ర, శని, ఆదివారాలు పెట్టుకునే వస్తారు కాబట్టి ఈ దెబ్బ చాలామందికి తగులుతుంది.

ఇక వేళ. సాయంత్రం అయిదుకల్లా లోపలినుంచి పంపించేస్తారు. సూర్యాస్తమయం మహల్ పైనుంచి చూద్దామని పెట్టుకుంటే కుదరదు, చలికాలంలో కూడా అయిదుకు వెలుతురు బాగానే ఉంటుంది. అందుకని మూడింటికి గేటు దగ్గర ఉండండి. మూడు నుంచి అయిదు వరకు లోపల, అయిదు తర్వాత బయట పచ్చికలో. పొద్దున కావాలంటే తెరిచీ తెరవగానే వెళ్ళండి, జనం ఉండరు, కానీ మ్యూజియం చూసి బయటికొచ్చేసరికి ఎండ నెత్తిన ఉంటుంది.

నెలల సంగతి: ఏప్రిల్, మే నెలల్లో మా తిరుపతి ఎండ గురించి చెప్పాలా? నలభై దాటుతుంది, అరికాళ్ళు కాలతాయి. మహల్ లోపల మందపాటి గోడల వల్ల కాస్త చల్లగా ఉన్నా, దాన్నుంచి కోటలోనే ఉన్న రెండో భవనం రాణి మహల్ దాకా నడిచేసరికి నీరసం వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండం పడితే మూడు రోజులు వదలదు. 2021 నవంబరులో వచ్చిన వరదను ఇక్కడివాళ్ళెవరూ మర్చిపోలేదు, స్వర్ణముఖి గట్లు తెంచుకుని పారింది. కాబట్టి నా ఓటు డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరికి. అప్పటికి వానలకు కడిగిన గాలి, కొండల మీద పచ్చదనం ఇంకా మిగిలి ఉంటాయి, దూరం దాకా స్పష్టంగా కనిపిస్తుంది. ఇంకో చిట్కా, వాన వెలిసిన మర్నాడు ఎండ కాస్తే మాత్రం నెల చూసుకోకుండా బయల్దేరండి. ఆ రోజు బండలు నల్లగా మెరుస్తుంటాయి.

వెళ్ళడం

తిరుపతి నుంచి పన్నెండు, పదిహేను కిలోమీటర్లు, మీరు ఊళ్ళో ఎక్కడి నుంచి బయల్దేరుతున్నారన్న దాన్నిబట్టి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసేదాకా చిత్తూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లా. ఆర్టీసీ బస్టాండులో పల్లెవెలుగు ఎక్కండి, కానీ ఎక్కేముందు కండక్టరును "చంద్రగిరి ఊళ్ళోకి పోతుందా, బైపాసా?" అని అడిగి ఎక్కండి. చిత్తూరు వైపు, మదనపల్లె వైపు పోయే బస్సుల్లో కొన్ని ఊళ్ళోకి రావు, హైవే మీద దింపి పోతాయి, అక్కడినుంచి మళ్ళీ ఆటో వెతుక్కోవాలి. మన రాష్ట్రం ఆడవాళ్ళకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో చార్జీ లేదు, ఆధార్ ఒకటి దగ్గర పెట్టుకుంటే చాలు. షేర్ ఆటోలు కూడా తిరుగుతాయి, ఎమ్మార్‌పల్లి సర్కిల్ వైపు నుంచి దొరుకుతాయి, కానీ ఆరుగురి ఆటోలో పదిమందిని కుక్కుతారు, పెద్దవాళ్ళుంటే వద్దు. పాకాల, కాట్పాడి వైపు పోయే రైలు మార్గంలో చంద్రగిరి స్టేషన్ ఉంది. రైలు సరదా ఉన్నవాళ్ళు టైము చూసుకుని వెళ్ళొచ్చు, నేను మాత్రం దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయను.

సొంత బండి ఉంటే దారిలో తొండవాడ దగ్గర ఒక పది నిమిషాలు ఆగండి. అగస్త్యేశ్వరుడి గుడి, పక్కనే ఏరు. ముక్కోటి అంటారు ఇక్కడివాళ్ళు. నీళ్ళుంటే బాగుంటుంది, లేకపోతే ఇసుకే.

చంద్రగిరి బస్టాపులో దిగాక కోట దగ్గరలోనే అనిపిస్తుంది గానీ నడిస్తే పాతిక నిమిషాల పైనే పడుతుంది. పోయేటప్పుడు ఆటో ఎక్కండి, వచ్చేటప్పుడు నడవండి. ఆటోవాళ్ళు "ఉండి తీసుకొస్తాం" అంటారు, ఒప్పుకోవద్దు. బయట ఆటో కాచుకుని ఉందంటే మనసంతా దానిమీదే ఉంటుంది, పైన కిటికీ దగ్గర నిలబడి చూస్తూ కూడా వెయిటింగ్ చార్జీ లెక్కేసుకుంటూ ఉంటారు.

కోట గోడ దగ్గర ఆగండి

అందరూ చేసే తప్పు ఇక్కడ మొదలవుతుంది. ఆటో కోట గోడలోంచి దూరి నేరుగా మహల్ గేటు ముందు ఆపుతుంది, దిగి టికెట్ తీసుకుంటారు, గోడ సంగతి మర్చిపోతారు. పైనుంచి చూసినప్పుడు మీకు ఆ గోడే ముఖ్యం, కాబట్టి కిందున్నప్పుడే దాని దగ్గర నిలబడి ఒకసారి ఎత్తు కొలుచుకోండి. మనిషి ఎత్తు బండలు, కొన్ని అంతకన్నా పెద్దవి, ఒకదాని మీద ఒకటి ఎక్కించిన తీరు చూడండి. వెలుపల కందకం ఆనవాళ్ళు కనిపిస్తాయి. చెయ్యి ఆనించి చూడండి, మధ్యాహ్నం మూడింటికి ఆ రాయి పొయ్యి మీద పెనంలా ఉంటుంది.

ఈ కోట పుట్టుక పదకొండో శతాబ్దంలో ఇక్కడ ఏలిన యాదవరాయల దాకా పోతుంది. తర్వాత విజయనగరం వాళ్ళ చేతికొచ్చింది. సాళువ నరసింహరాయలు చంద్రగిరిని తన బలంగా చేసుకునే 1485లో విజయనగరం గద్దె ఎక్కాడు. పేరు కథేమో చంద్రుడిది, ఆయన ఈ కొండ మీద తపస్సు చేశాడని చెప్పుకుంటారు.

టికెట్, చెప్పులు, సంచి

టికెట్ 25 రూపాయలు, ఫోన్లో కోడ్ స్కాన్ చేసి కడితే 20. పదిహేనేళ్ళలోపు పిల్లలకు అక్కర్లేదు. సిగ్నల్ ఒక్కోసారి ఏడిపిస్తుంది, అందుకని చిల్లర పెట్టుకోండి. తినేవి చేతిలో పట్టుకుని నడవొద్దు, కోతులు మీకన్నా ముందే చూస్తాయి. ఒకసారి మా అమ్మాయి చేతిలో జామకాయ, ఉప్పుకారం పొట్లంతో సహా పోయింది. కాయ తినేసి కారం పొట్లం విసిరికొట్టింది. పాదాలకు పట్టుగా ఉండే చెప్పులు వేసుకోండి, ఎందుకంటే లోపలి మెట్లు పాతకాలపువి, ఒక్కొక్కటీ మనం అలవాటుపడిన మెట్టు కన్నా ఎత్తు, అంచులు అరిగి నున్నగా ఉంటాయి. చీర కట్టుకున్నవాళ్ళు కుచ్చిళ్ళు చేత్తో ఎత్తి పట్టుకోవాల్సిందే.

నీళ్ళ బాటిల్ కొనుక్కునే లోపలికి రండి.

ముందు నమూనా, ఆ తర్వాతే కిటికీ

ఈ మొత్తం గైడులో మీరు ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటారంటే అది ఇదే కావాలి.

లోపలికి వెళ్ళగానే శిల్పాలుంటాయి, రాతివీ లోహంవీ, ఎక్కువగా రాయలసీమలోని పాత గుళ్ళ నుంచి, గుడిమల్లం, గండికోట, యాగంటి వంటి చోట్ల నుంచి తెచ్చినవి. కత్తులు, నాణేలు, పాత కాగితాలు కూడా ఉంటాయి. అవి చూడాల్సినవే, కాదనను. కానీ మీరు వచ్చింది పైనుంచి చూపు కోసమైతే నేరుగా కోట నమూనా ఎక్కడుందో అడగండి. చంద్రగిరి కోట మొత్తాన్ని, రాజమహల్, రాణి మహల్‌తో సహా, చిన్నగా చేసి పెట్టారు. గుడిమల్లం గుడి నమూనా కూడా ఉంటుంది, దాన్ని చూసి ఇదే కోట అనుకోకండి, అనుకున్నవాళ్ళను చూశాను.

ఆ నమూనా ముందు అయిదు నిమిషాలు నిలబడండి. కొండ ఎటుంది, దాని ఒళ్ళో మహల్ ఎలా కూర్చుంది, గోడ ఎక్కడ మొదలై ఎక్కడ వంపు తిరిగింది, రాణి మహల్ ఎటు పక్క, ఇవన్నీ వేలు పెట్టి చూసుకోండి, గాజు తాకకుండా. పిల్లలుంటే వాళ్ళకే పని అప్పజెప్పండి: "మనం ఇప్పుడు ఎక్కడున్నామో వెతుకు" అని. మా అక్క చిన్నకొడుకు అలా వెతికి పట్టుకున్నాక మేడ మీద కిటికీకో, కమానుకో వేలాడుతూ, "అదుగో, అదే!" అని అరిచిన ప్రతిసారీ నిజంగానే అదే అయ్యింది. వాడు రెండో ప్రయాణంలో చూసింది మా బావ రెండుసార్లు కలిపి చూసిన దానికన్నా ఎక్కువ.

నమూనా చూడకుండా పైకెక్కితే కనిపించేది పచ్చిక, చెట్లు, బండలు. చూసి ఎక్కితే కనిపించేది కోట. అంతే తేడా.

ఇప్పుడు మెట్లు. రాజమహల్ మూడంతస్తులది. ఏ అంతస్తు దాకా వదులుతారన్నది ఆ రోజు అక్కడున్నవాళ్ళ మాటే. తాళం ఉంటే తాళమే, బతిమాలొద్దు, ఇరవై రూపాయలు చేతిలో పెట్టే పని అసలే వద్దు. పాత సున్నపు కప్పు, మన బరువుకు ఏం కాకపోయినా వెయ్యిమంది బరువుకు ఏదో ఒకటి అవుతుంది. పైకి వదిలినంత మేర కమానుల దగ్గర నిలబడి చూసినా మనకు కావాల్సింది దొరుకుతుంది.

మెట్ల దగ్గర చీకటి. వెలుతురులోంచి వచ్చిన కళ్ళకు మొదటి నాలుగు మెట్లు కనిపించవు, అక్కడ ఒక్క క్షణం ఆగి కళ్ళు అలవాటు చేసుకుని ఎక్కండి. గోడకు చెయ్యి ఆనిస్తే సున్నం చల్లగా, కాస్త చెమ్మగా తగులుతుంది. గబ్బిలాల వాసన కూడా వస్తుంది. గోడ మీద ఎవడో తన పేరూ, ఒక అమ్మాయి పేరూ గీకి పెట్టాడు, దాని కింద ఇంకొకడు అదే అమ్మాయి పేరుతో. నవ్వొచ్చింది గానీ, నాలుగు వందల ఏళ్ళ గోడ మీద మేకుతో గీకడానికి మనసెలా ఒప్పుతుందో నాకు అర్థం కాదు.

ఎక్కుతూ ఇంకొకటి గమనించండి, ఎక్కడా కర్ర లేదు. దూలం లేదు, వాసం లేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. బరువంతా కమానుల మీద, మందపాటి గోడల మీద నిలబెట్టారు. కింద నుంచి చూస్తే కమానులు సుల్తానుల పద్ధతిలో ఉంటాయి, పైన శిఖరాలు మాత్రం మన గుడి గోపురం తీరు. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎలా ఇమిడాయో పచ్చికలోంచి కన్నా పైనుంచి, శిఖరం దగ్గరగా కనిపించే చోటు నుంచి బాగా తెలుస్తుంది.

కమాను దగ్గర ఏం చూడాలి, ఏ వరసలో

ఫోన్ జేబులో పెట్టండి, ఫొటోలు తర్వాత. ముందు దగ్గరివి, ఆ తర్వాత దూరం.

దగ్గర్లో పచ్చిక, దారులు, పక్కన రాణి మహల్. రాణి మహల్ పై భాగం ఇక్కడి నుంచి చూస్తేనే తెలుస్తుంది, కింద నుంచి గోడలే కనిపిస్తాయి. ఇప్పుడు చూపు కాస్త పైకి జరిపి గోడ పట్టుకోండి, కింద చెయ్యి ఆనించి చూసిన గోడే. చెట్ల మధ్య కొంచెం కనిపించి, మాయమై, మళ్ళీ ఇంకో చోట తేలుతుంది. ఆ ముక్కలను కళ్ళతోనే కలుపుకుంటూ పొండి, నమూనాలో చూసిన వంపు దొరుకుతుంది. గోడ లోపల శిథిలమైన చిన్న గుళ్ళు అక్కడక్కడా ఉన్నాయి, శివుడివీ విష్ణువువీ కలిపి ఎనిమిది అంటారు. పైనుంచి ఎన్ని పట్టుకోగలరో చూడండి, నేను మూడు దాటలేదు.

ఆ తర్వాత కొండ. మహల్ వెనక అరచేతిలా లేచి ఉంటుంది, చుట్టుపక్కల నేల కన్నా ఆరువందల అడుగుల ఎత్తు. ఒకదాని మీద ఒకటి పడిపోతున్నట్టుండే గ్రానైటు బండలు, వాటి మధ్య తుప్పలు. కాసేపు తదేకంగా చూస్తే బండల మధ్య మనుషులు కట్టిన గోడ గీత బయటపడుతుంది, అది పై కోట. మొదట కనిపించదు, రాయీ గోడా ఒకే రంగు. కనిపించాక మాత్రం కన్ను దాన్నుంచి పక్కకు రాదు.

ఇక్కడ నిలబడితేనే తెలుస్తుంది రాజులు ఈ చోటును ఎందుకు ఎంచుకున్నారో. 1565లో తళ్ళికోట యుద్ధంతో హంపి పోయింది. పెనుకొండ వెళ్ళారు, అక్కడా నిలవనీయలేదు, వెంకటపతి రాయలు 1592 ప్రాంతంలో రాజధానిని చంద్రగిరికి తెచ్చాడు. వెనక ఎక్కడం కష్టమైన కొండ, ముందు గోడ, కందకం, కూతవేటు దూరంలో ఇలవేల్పు తిరుమల వెంకన్న. దెబ్బతిన్నవాడు ఇల్లు వెతుక్కున్నట్టు వెతుక్కున్నారనిపిస్తుంది నాకు.

అంతకు ముందు ఇదే కోట చెర కూడా. శ్రీకృష్ణదేవరాయలు తన తమ్ముడు అచ్యుతరాయలను ఇక్కడే ఉంచాడు. 1529లో అన్న పోయాక బయటికొచ్చి పట్టం కట్టుకున్నాడు. ఆయన కూడా ఈ కొండను ఎన్ని సాయంత్రాలు చూసి ఉంటాడో అని నేనైతే ప్రతిసారీ అనుకుంటాను, ఏ గదిలోంచి చూశాడో తెలియకపోయినా.

చుట్టాల్లో మద్రాసువాళ్ళుంటే వాళ్ళకోసం ఒక కథ దాచిపెట్టుకోండి. 1639లో ఈస్టిండియా కంపెనీకి సముద్రపు ఒడ్డున ఇసుక నేల దక్కింది, దాని మీద కట్టిందే ఫోర్ట్ సెయింట్ జార్జ్. ఇచ్చింది దామెర్ల నాయకులు, వాళ్ళ తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. ఆ నాయకులు ఎవరి కింద వాళ్ళంటే అప్పుడు రాజ్యమేలుతున్న మూడో వెంకటపతి రాయలి కింద. ఆ పత్రం ఈ మహల్లోనే రాశారని ఇక్కడ గట్టిగా చెప్తారు. ఎక్కడ రాసినా, మద్రాసు వేరు ఈ చంద్రగిరి ఏలుబడిలో ఉందన్నది నిజం. నేను ఈ ముక్క చెప్పినప్పుడు మా పెద్దమ్మ కొడుకు, చెన్నైలో స్థిరపడినవాడు, "అయితే అద్దె మీకు కట్టాలా?" అన్నాడు. ఏడేళ్ళకే, 1646లో, గోల్కొండవాళ్ళు వచ్చి చంద్రగిరిని పట్టుకున్నారు. 1782లో హైదరలీ. ఆ తర్వాత దీన్ని పట్టించుకున్నవాడు లేడు.

ఈ చూడటానికంతా ముప్పావుగంట కేటాయించండి. పది నిమిషాలు చాలనుకుని వచ్చేవాళ్ళే ఎక్కువ.

ఫొటోలు

లోపల మ్యూజియంలో ఫొటో తీయొచ్చా లేదా అన్నది ముందే అడగండి, ఫ్లాష్ మాత్రం ఎక్కడా వద్దు. కమానును ఫ్రేముగా పెట్టుకుని బయటి కొండను తీయాలంటే ఫోన్లో కొండ మీద వేలు నొక్కి వెలుతురు తగ్గించండి, కమాను నల్లగా వస్తుంది, రానివ్వండి, అదే అందం. నడుం దాకా బయటికి వంగి సెల్ఫీలు తీసుకునే కుర్రాళ్ళకు చెప్పినా వినరు గానీ, అంచు సున్నం రాలుతూ ఉంటుంది, చెప్పడం నా వంతు.

రాణి మహల్‌ను చివర్న కాదు, మధ్యలో

రాజమహల్ పైనుంచి దిగగానే రాణి మహల్‌కు నడవండి. పేరు రాణిదే గానీ కింది భాగం కట్టుబడి చూస్తే అక్కడ గుర్రాలను కట్టేవాళ్ళనీ, పైన సేనాపతి ఉండేవాడనీ అంటారు. నాకూ అదే నిజమనిపిస్తుంది, రాణి కింద గుర్రాల వాసనలో కాపురం చేస్తుందా? దగ్గర్లో రాతి మెట్ల కోనేరు ఉంటుంది, దాని గట్టు మీద నిలబడి వెనక్కి తిరిగి రాజమహల్‌ను చూడండి. ఇందాక మీరు నిలబడ్డ కమాను ఎక్కడుందో వెతకండి. అక్కడ ఇప్పుడు ఇంకెవరో నిలబడి మిమ్మల్ని చూస్తుంటారు.

కొండ ఎక్కొచ్చా?

అందరూ అడిగేదే. పైన కోట ఉంది కదా, అక్కడి నుంచి ఇంకా బాగుంటుంది కదా అని. బాగుంటుంది, నిజమే. కానీ దారి దారిలా ఉండదు, బండలు, ముళ్ళతుప్పలు, పాములు. శేషాచలం అడవుల పక్కన బతికేవాళ్ళకు చిరుతల మాట నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. అక్కడివాళ్ళను అడగండి, అనుమతి ఉందంటే పొద్దున్నే, దారి తెలిసిన మనిషితో, నలుగురు కలిసి. లేదంటే లేదు. మహల్ వెనక కంచె దాటి ఎక్కేవాళ్ళను చూసి మీరూ బయల్దేరొద్దు, వాళ్ళలో సగం మంది పావు కొండ ఎక్కి దిగి వస్తారు, మోకాళ్ళు చీరుకుని.

పెద్దవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఉంటే వాళ్ళను మహల్ మెట్లు కూడా ఎక్కించొద్దు. కింద నమూనా, శిల్పాలు చూపించి పచ్చికలో నీడన కూర్చోబెట్టండి. మా అమ్మ అలా కూర్చుని, మేం దిగేలోపు పక్కన కూర్చున్న పలమనేరువాళ్ళతో పెళ్ళి సంబంధం దాకా మాట్లాడేసింది.

అయిదు తర్వాత

గేటు దగ్గరికి పరుగు తీయకండి. పచ్చికలో మహల్ ఎదురుగా, కొండ వెనక కనిపించేలా కూర్చోండి. వెలుతురు పల్చబడే కొద్దీ ముందు సున్నపు గోడ రంగు మారుతుంది, పసుపు, ఆ తర్వాత ఇటుక రంగు, ఆ తర్వాత కొండ బండలు ఒక్కొక్కటీ విడివిడిగా తేలి, ఉన్నట్టుండి అన్నీ కలిసి ఒకే నల్లటి ముద్ద అయిపోతాయి. ఇరవై నిమిషాల పని. చిలకలు గుంపులుగా అరుచుకుంటూ శిఖరాల మీదికి చేరతాయి.

పర్యాటక శాఖవాళ్ళ సౌండ్ అండ్ లైట్ షో సాయంత్రాలు ఉంటుంది. ఆ రోజు తెలుగు ఆట ఎన్నింటికో, అసలు ఉందో లేదో టికెట్ తీసుకునేటప్పుడే కనుక్కోండి, వాన పడితే ఆపేస్తారు. నా మాటంటే, పైనుంచి అంతా చూసి వచ్చినవాళ్ళకు షో బాగుంటుంది, గోడ మీద దీపం పడగానే "ఇక్కడే కదా నిలబడ్డాం" అనిపిస్తుంది. నేరుగా షోకే వచ్చినవాళ్ళకు దోమలే గుర్తుంటాయి. ఓడోమాస్ తెచ్చుకోండి.

తిండి సంగతి పొడుగ్గా చెప్పను. కోట దగ్గర టీ, చిరుతిళ్ళు దొరుకుతాయి, కడుపు నిండాలంటే చంద్రగిరి ఊళ్ళోకో హైవే మీదికో వచ్చి రాగిసంగటి, నాటుకోడి పులుసు తినండి. మొక్కు ఉన్నవాళ్ళు, మర్నాడు దర్శనం ఉన్నవాళ్ళు సంగటిలోకి చెనక్కాయల చట్నీ అడగండి. చలికాలం మొదట్లో వెళ్తే దారిపక్కన సీతాఫలాలు గంపల్లో పెట్టి అమ్ముతుంటారు, కళ్ళు విచ్చినవి తీసుకోండి.

రోజంతా ఖాళీ ఉంటే

పొద్దున శ్రీనివాసమంగాపురం కల్యాణ వెంకటేశ్వరస్వామి గుడి, మధ్యాహ్నం భోజనం, మూడింటికి కోట. ఈ వరస తిరగేయొద్దు. మంగాపురం దాటి కాస్త దూరం పోతే శ్రీవారి మెట్టు, అక్కడి నుంచి 2,388 మెట్లెక్కితే తిరుమల. అదే రోజు మెట్లు కూడా ఎక్కేద్దాం, కోట కూడా చూసేద్దాం అనేవాళ్ళుంటారు. వద్దు. పిక్కలు పట్టేసిన కాళ్ళతో మహల్ మెట్లు ఎక్కిన నా మిత్రుడొకడు కమాను దగ్గర కూర్చుని చరిత్రంతా కళ్ళు మూసుకునే విన్నాడు.

తిరుగు ప్రయాణం

చీకటి పడ్డాక బస్టాపుకు నడిచేటప్పుడు ఫోన్ లైటు వేసుకోండి, కోట గోడ మలుపులో బండ్లు వేగంగా వస్తాయి. తిరుపతి బస్సు ఎక్కాక డ్రైవరు వైపు కాకుండా ఎడమ పక్క కిటికీ సీటు పట్టుకోండి, అవసరమైతే కర్చీఫ్ వేసి. ఊరు దగ్గరపడే కొద్దీ అటువైపే కొండ, కొండ మీద ఘాట్ రోడ్డు దీపాలు దండలా, ఇంకా ముందుకు పోతే చీకట్లో ఒక్కటే నిలువుగా వెలుగుతున్న గాలిగోపురం. మా బావ కూడా అక్కడ మాట్లాడడు.